మూలల్లేని గదిలో నాపబండ

నేను ఒక నాపబండను. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండంగుళాల మందం. బండ అంటే దేనికీ చలించనిదని మనుషులు అనుకుంటారు. మనసు లేనివాళ్ళను తిట్టాలంటే నా పేరే వాడతారు. నేను కాపురం చేసిన ఇంట్లో నా అంత పిరికిది మాత్రం ఇంకొకటి లేదు. తడికి భయం, పులుపుకు భయం, అన్నిటికంటే ఎక్కువగా నా మీద నిలబడిన మనిషికి ఏమవుతుందోనని భయం.

బేతంచెర్ల దగ్గర ఒక గనిలో, పుస్తకంలో కాగితంలాగా పైన ఒక పొర, కింద ఒక పొర మధ్యన పడి ఉండేదాన్ని. హుసేన్ సాబ్ అనే పనివాడు పొరల సందులో గునపం మొన దూర్చి, చప్పుడు వింటూ నిదానంగా సుత్తి దెబ్బలు వేశాడు. వెలుతురు తగిలింది. అదే నా మొదటి భయం. అతను నన్ను వేలి కణుపులతో తట్టి, "గంట మాదిరి పలుకుతాంది, బీట లేదు" అన్నాడు. తర్వాత తన సద్దిమూటలోంచి నిమ్మచెక్క తీసి నా అంచు మీద పిండాడు. సన్నగా నురగ లేచింది.

"సున్నపు జాతి. పులుపు పడదు దీనికి. కొనేటోళ్ళకు చెప్పండప్పా" అన్నాడు.

ఎవరూ చెప్పలేదు. అమ్మేవాళ్ళు రాయి గట్టితనం చెబుతారు గానీ, దానికి ఏది పడదో చెప్పరు.

నన్ను మొదట డోన్ బస్టాండు పక్కనున్న ఒక హోటల్‌వాళ్ళు కొన్నారు. వంటగదిలో చపాతీలు వత్తే బల్లగా పన్నెండేళ్ళు ఉన్నాను. పిండి, నూనె, అరచేతులు. గని నుంచి గరుకుగా వచ్చిన నన్ను పాలిష్ యంత్రం కాదు, మనుషుల అరచేతులే నునుపు చేశాయి. వచ్చినవాళ్ళందరూ చపాతీలను మెచ్చుకున్నారు. బల్లను ఎవరు మెచ్చుకుంటారు? రోడ్డు వెడల్పు చేసినప్పుడు హోటల్ పోయింది. నేను పాత సామాన్ల దుకాణం ముందు గోడకు చేరగిలబడ్డాను.

చెన్నమ్మ నన్ను అక్కడే చూసింది. ఆమె ఒక సర్కారు ఆసుపత్రిలో ఆయా. ఆపరేషన్ గది నేల కడగడం ఇరవై రెండేళ్ళుగా ఆమె పని. నన్ను తట్టింది, తడిచేత్తో రాసింది, చెంప ఆనించి చదును చూసింది. "అతుకు లేని రాయి కావాల. ఇదే" అంది.

అతుకు లేని రాయి ఎందుకో ఆ ఇంటికి వెళ్ళాక తెలిసింది. చెన్నమ్మకు ఇద్దరు తమ్ముళ్ళు. వంశంలో మూత్రపిండాల జబ్బు ఉంది. పెద్దతమ్ముడు సుంకన్నకు తల్లి కిడ్నీ ఇచ్చింది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి వచ్చిన రెండో నెలలో జ్వరం తగిలింది, పదకొండో రోజున పోయాడు. ఏదో క్రిమి సోకిందని డాక్టర్లు అన్నారు. ఎక్కడినుంచి సోకిందో వాళ్ళు చెప్పలేదు. ఇంట్లోవాళ్ళ వేళ్ళన్నీ స్నానాల గది వైపు చూపించాయి. చీకటి గది, పాచి పట్టిన మూలలు, పగిలిన పలకల సందుల్లో నల్లటి జిగురు. నిజమో కాదో ఎవరికీ తెలియదు. దుఃఖానికి ఒక చోటు కావాలి గనక అదే చోటయింది.

ఇప్పుడు చిన్నతమ్ముడు మద్దిలేటి వంతు. ఈసారి కిడ్నీ ఇచ్చింది చెన్నమ్మే. అతన్ని ఇంటికి తెచ్చేలోగా ఆ పాత గదిని పునాది దాకా పడగొట్టించింది. ఆపరేషన్ కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. నడుముకు గుడ్డ బిగించుకుని, కుర్చీ వేసుకుని కూర్చుని దస్తగిరి మేస్త్రీ చేత పని చేయించింది.

"మూలలు ఉండగూడదు దస్తగిరీ. గోడా నేలా కలిసేకాడ గిన్నె అడుగు మాదిరి గుండ్రంగా తిప్పు. గుడ్డ ఒక్క ఊపున పోవాల."

"మూలల్లేకుండా గదెట్లయితాదక్కా?"

"బానలో మూలలుండాయా? నీళ్ళు పోసుకుంటలేమా?"

కమోడు నేలకు ఆనకుండా గోడకు వేలాడాలంది, కింద తుడవడానికి. అరలు వద్దంది, అర ఉంటే దాని మీద సబ్బు, సబ్బు కింద జిగురు. బకెట్టూ చెంబూ కొక్కేనికి బోర్లించి తగిలించాలి. కొళాయి మోచేత్తో తిప్పేది కావాలి. గడప వద్దు. గది మధ్యలో నీళ్ళు పోయే జాలీ వద్దు, గోడ వెంబడి పొడుగాటి కాలువ, చేత్తో ఎత్తి కడగగలిగే మూత. తలుపు గడియ బయటినుంచి కూడా తిరగాలి. తూర్పు గోడకు పెద్ద కిటికీ.

"ఇది బాత్రూమా, ఆపరేషన్ థియేటరాక్కా?" అన్నాడు దస్తగిరి.

"ఆపరేషన్ అయిపోయింది. ఇది దాని తర్వాతిది."

అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. నీళ్ళు ఈశాన్యానికి పోవాలని ఒకసారి గొణిగాడు. "నీళ్ళు ఎండ తగిలేకాడికి పోతాయి. ఎండకు దిక్కులు నువ్వు నేర్పుతావా?" అని ఆమె అంది. అంగుళం వాలుతో నన్ను పరిచారు. అతుకు లేదు, గాటు లేదు.

మద్దిలేటి వచ్చాడు. మొదటి రోజు అతని పాదం నా మీద పడినప్పుడు నాకు ఊపిరి ఉంటే ఆగిపోయేది. పలుచటి మనిషి, మడమల్లో వణుకు. ఒక చేత్తో గోడ కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. నేను నున్నగా ఉన్నాను, తడిగా ఉన్నాను. జారితే? నా మీద కంటికి కనబడనిది ఏదైనా ఉంటే? నా ఒంట్లో ఎక్కడో వెంట్రుకంత సందు ఉండి అందులో అది కాచుకుని ఉంటే? సుంకన్న కాళ్ళ కింద ఉన్న పలకలు కూడా ఇలాగే భయపడ్డాయేమో. వాటిని అడగడానికి లేదు, పెంకులై పోయాయి.

అతని భార్య సుభద్ర భయం నా భయానికి అక్క. ఎవరు స్నానం చేసినా వైపర్‌తో నీళ్ళు లాగేది, మోకాళ్ళ మీద కూర్చుని పొడిగుడ్డతో తుడిచేది, మళ్ళీ వేలితో రాసి వాసన చూసేది.

"ఒసే, చర్మం ఊడిపోతాది నీకు" అనేది చెన్నమ్మ. "తడి ఆరితే చాలు. వారానికి ఒకసారి బకెట్టు నీళ్ళలో చిటికెడు బ్లీచింగ్ పొడి. యాసిడ్ మాత్రం ఈ ఇంటి గుమ్మం తొక్కగూడదు. వింటాండావా?"

"ఊ" అనేది సుభద్ర.

తమ్ముడితో చెన్నమ్మ మాటలు వేరు. "నా సామాను నీ కడుపులో పెట్టినా. మందు మరిచిపోతే వచ్చి ఎత్తుకపోతా" అనేది. "ఎత్తుకపోక్కా, మోయలేక చస్తాండా" అనేవాడతను. అలా మూడు నెలలు గడిచాయి.

నాలుగో నెలలో సుభద్ర మేనమామ పోయాడు. ఊరు అదే, వీధి వేరు. చెన్నమ్మ ఆ రోజు డ్యూటీకి వెళ్ళింది. చావింటినుంచి వచ్చినవాళ్ళు తలమీదుగా నీళ్ళు పోసుకోకుండా తమ ఇంటి గడప తొక్కకూడదు కదా. ఆ ఇంట్లో నీళ్ళు అయిపోయాయట. ఆరుగురు ఆడవాళ్ళు సుభద్ర ఇంటి ముందు నిలబడ్డారు. ముందున్నది జమ్ములమ్మ, సుభద్రకు మేనత్త.

"అత్తా, ఆయనకు బాగలేదు. డాక్టర్లు ఎవరినీ రానీయొద్దన్నారు."

"నీ మొగుని కాడికి మేమెందుకు పోతామే? నీళ్ళు పోసుకుని బస్సెక్కుతాము. చావింటినుంచి వచ్చినోళ్ళను మైలతోనే పంపిస్తివని నలుగురికీ చెప్పుకోమంటావా?"

చావు రోజున నీళ్ళు లేవనడం ఎంత మాటో ఆ వీధిలో అందరికీ తెలుసు. సుభద్ర పక్కకు జరిగింది. మద్దిలేటి గది తలుపు దగ్గరగా వేసింది.

పన్నెండు పాదాలు నా మీద నడిచాయి. కట్టుబట్టలతోనే నీళ్ళు కుమ్మరించుకున్నారు. మట్టి, కుంకుమ, వెంట్రుకలు. ఒకామె నా మీదే గుడ్డలు పిండింది. పొడుగు కాలువ పూడుకుని నీళ్ళు నిలిచాయి. "ఎంత బాగుందే ఈ గది, దేవుని గది మాదిరి" అని జమ్ములమ్మ మెచ్చుకుంది. చావింటి మనుషులు గనక వెళ్ళొస్తామని చెప్పకుండా వెళ్ళిపోయారు.

సుభద్ర గుమ్మంలో నిలబడి నన్ను చూసింది. నన్ను కాదు, సుంకన్నను చూసిందని నాకనిపించింది. చెప్పులు కూడా వేసుకోకుండా వీధి చివరి అంగడికి వెళ్ళి, ఒక చేతిలో దొడ్లు కడిగే యాసిడ్ సీసా, ఇంకో చేతిలో బ్లీచింగ్ పొడి పొట్లం తెచ్చింది. వాసన భర్త గదిలోకి పోకూడదని కిటికీ మూసింది. తలుపు గడియ పెట్టింది. ఒకటి శుభ్రం చేస్తే రెండూ కలిసి ఇంకా బాగా చేస్తాయని ఆమె లెక్క. పొడి అంతా నా మీద చల్లింది. సీసా మూత తీసింది.

నేను పొంగాను. నా ఒళ్ళంతా బుసబుసమంటూ నురగ అయింది. పన్నెండేళ్ళ అరచేతుల నునుపు కరిగిపోతోంది. అది చిన్న సంగతి. పొడీ యాసిడూ కలిసిన చోటినుంచి పసుపుపచ్చటి పొగ లేచి, పైకి పోకుండా నా మీదే పాకింది. మోకాళ్ళ మీద ఉన్న సుభద్ర ముఖం దాని ఎత్తులోనే ఉంది. ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గి గొంతు పట్టుకుంది. గడియ వైపు చెయ్యి చాపింది గానీ చెయ్యి అందలేదు. ఆమె నుదురు నాకు తగిలింది. అరవడానికి నోరు లేని దాన్ని. ఆ ఇంట్లో నేను పడ్డ భయాలన్నీ ఆ ఒక్క క్షణం ముందు ఆటలయ్యాయి.

"సుభద్రా! ఏమయింది? తలుపు తీయ్!"

"నువ్వు రావద్దయ్యా..." దగ్గు. "దండం పెడతా, రావద్దు. పో!"

ఆమె కాలితో తలుపును అదిమి పెట్టింది. బయట గడియ తిరిగింది. తడి తువాలు ముఖానికి చుట్టుకుని మద్దిలేటి భుజంతో నెట్టాడు. మూడు నెలలుగా చెంబు కూడా ఎత్తనివ్వని మనిషి భార్యను చంకల కింద పట్టుకుని వెనక్కి లాగాడు. ఆమె మడమలు గడప లేని నేల మీద జారుకుంటూ వెళ్ళాయి. తువాలు జారిపోయింది. అతను దగ్గడం నాకు వినబడింది. వీధిలో కేకలు, ఆటో చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు.

మరునాడు మధ్యాహ్నం చెన్నమ్మ ఒక్కతే వచ్చింది. కిటికీ తెరిచింది. మోచేత్తో కొళాయి తిప్పి, చాలాసేపు నీళ్ళు వదిలింది. కూర్చుని అరచెయ్యి నా మీద ఆనించింది. నేను పుండులా ఉన్నాను. వేలికొసలు పట్టేటంత గుంతలు. వెనకాలే దస్తగిరి వచ్చాడు.

"తమ్ముడెట్లుండాడక్కా?"

"మూడు దినాలు చూడాలన్నారు. ఊపిరితిత్తులకు ఏమన్నా అయితే... చూడాలన్నారు."

"ఆ యమ్మ?"

"గొంతు పూసింది. మాట లేదు. కండ్లతోనే ఆయన ఎట్లుండాడని అడుగుతాది." నా గుంతలు వేలితో తడుముతూ అంది: "పురుగులకు భయపడి మనిషినే పోగొట్టుకుంటా ఉన్నింది గదప్పా. తిట్టాలని పోయినా. నోరు రాలేదు. యాసిడ్ వద్దని నూరుసార్లు చెప్పినా. ఎందుకు వద్దో ఒక్కసారి చెప్పలేదు. భయపెట్టినా, నేర్పలేదు."

దస్తగిరి వెళ్ళి గునపం తెచ్చాడు.

నన్ను పెరట్లో గోడ పక్కన, రెండు ఇటుక వరసల మీద పడుకోబెట్టారు. నా చోట్లో పులుపుకు లొంగని నల్లరాయి వచ్చింది. దానికి భయాలు తెలియవు. నేను గోడ ఇవతలినుంచి వినడం నేర్చుకున్నాను. ఆరో రోజున ఆటో ఆగింది. రెండు జతల అడుగులు లోపలికి వచ్చాయి, ఒకటి అతనిది. మరునాటినుంచి పొద్దున్నే నీళ్ళ చప్పుడు, తర్వాత వైపర్ చప్పుడు, తర్వాత పొడిగుడ్డ. సుభద్ర గొంతు తిరిగి వచ్చింది, కొంచెం బొంగురుగా. "ఇది ఎందుకు, అది ఎందుకు" అని వదినను అడుగుతూ ఉండేది. చెన్నమ్మ ఓపిగ్గా చెప్పేది.

ఒక పొద్దున ఏ చప్పుడూ లేదు.

నీళ్ళు లేవు. దగ్గు లేదు. పొయ్యి వెలిగించిన వాసన లేదు. ఎండ నా అంచు దాటి మధ్యకు వచ్చింది. సుంకన్న పదకొండో రోజు ఇలాగే మొదలైందా? పక్కింటామె గోడ మీదుగా తొంగిచూసి, తాళం చూసి వెళ్ళిపోయింది. నాలో గుంతలన్నిటిలో ఎండ నిండి కాలిపోతున్నా భయంతో చల్లగా ఉన్నాను.

మిట్టమధ్యాహ్నం తాళం చెవి తిరిగింది. చెన్నమ్మ పెరటి తలుపు తీసుకుని వచ్చి, నా మీద కూలబడి, కొంగుతో ముఖం తుడుచుకుంది. వెనకాలే మద్దిలేటి.

"డాక్టరు ఏమన్యాడో ఇంకోసారి చెప్పురా."

"ఎన్నిసార్లు చెప్పాలక్కా? ఆర్నెల్లు నిండినాయి. రక్తం బాగుంది. ఊపిరితిత్తులు బాగుండాయి. ఇప్పటికి బాగుంది అన్యాడు."

"ఇప్పటికి" అంది చెన్నమ్మ. "సరే. ఎవరికైనా ఇప్పటికే గదా." పక్కన చోటు చూపించింది. "కూచో. కొంచెం గాలి తగలనీ."

ఆరు నెలల్లో అతను పెరట్లోకి రావడం అదే మొదలు. కూర్చున్నాడు. సుభద్ర తలుపు దగ్గర కనబడింది. నా మీద దుమ్ము, రాలిన వేపాకులు, పిట్ట రెట్ట మరక. ఆమె చేతిలో తుడిచే గుడ్డ సిద్ధంగా ఉంది. గబగబా రెండడుగులు వేసింది.

"లెయ్యండి, లెయ్యండి, ఆ బండ మీద..."

వాళ్ళిద్దరూ లేవలేదు. అతను కళ్ళు మూసుకుని ముఖం ఎండకు పెట్టాడు. సుభద్ర గుడ్డను చూసుకుంది, నన్ను చూసింది, అతన్ని చూసింది. తర్వాత గుడ్డను నడుము దగ్గర దోపుకుని, అతనికి ఇవతలి పక్కన, తుడవకుండా కూర్చుంది.