ఎంతుంది అని అడిగేవాళ్ళు

గూడ్సు పెట్టె ఇరుసు దగ్గర చెయ్యి పెట్టి, అది ఎంత వేడెక్కిందో అంకెతో సహా చెప్పగలను. ఖరగ్‌పూర్ యార్డులో ముప్పై ఒక్క ఏళ్ళుగా నా ఉద్యోగం అదే. బండి ఆగగానే కంకర రాళ్ళ మీద చక్రం చక్రానికీ నడిచి, ఏ పెట్టె పనికొస్తుందో, దేన్ని రిపేరుకి తప్పించాలో తేల్చడం. ఈమధ్య వేడి చూడ్డానికి తుపాకీలాంటి మిషను ఇచ్చారు. కుర్రాళ్ళు దాన్ని గురిపెట్టేలోపు నేను అంకె చెప్పేస్తాను. రెండు డిగ్రీలకి మించి తేడా రాదు. ఆ గర్వమే నా కొంప ముంచింది.

నాలుగేళ్ళ కిందట నాకు సుగర్ వచ్చింది. వేలు గుచ్చి చూసుకోవడానికి మిషనూ, రోజూ అంకె రాయడానికి చిన్న పుస్తకమూ కొనమన్నాడు డాక్టరు. మొదటి వారం బుద్ధిగా గుచ్చుకున్నాను. రెండొందల డెబ్భై. మర్నాడు రెండొందల తొంభై. ఆ అంకె కనబడ్డప్పుడల్లా ఎవరో నలుగురిలో నిలబెట్టి తిట్టినట్టుండేది. ఎనిమిదో రోజున మిషను తీసి సొరుగులో పడేశాను. అప్పట్నుంచి పొద్దున్న లేవగానే ఒళ్ళెలా ఉందో చూసుకుని, ఇరుసు వేడి చెప్పినట్టే నా రక్తం సంగతీ తేల్చి పుస్తకంలో రాసేసేవాణ్ణి. ఇవాళ నూట పద్దెనిమిది. ఇవాళ కాస్త నీరసం, నూట ముప్పై రాసుకో. నా అంచనా ఏ రోజూ నూట నలభై దాటలేదు. అదేం విడ్డూరమో అని నాకు తోచనైనా తోచలేదు.

నా భార్య రత్నం పొద్దున్నే అడిగేది. "ఎంతుంది మావా?" నేను చెప్పిన అంకెని బట్టి కంచంలో అన్నం పడేది. కూతురు ఇందు ఫోన్ చేస్తే, "నాన్నా, ఎంతుంది?" యార్డులో నాతో పనిచేసే ఉమాశంకర్ దూరం నుంచే కేకేసేవాడు, "ఎంతున్నాదిరా?" అందరూ నా మంచికోరేవాళ్ళే. నాలుగేళ్ళలో ఎలా ఉన్నావని అడిగినవాళ్ళు మాత్రం లేరు.

యార్డు గేటు దగ్గర టీ కొట్టులో ఎనిమిదిమందిమి ఇరవై ఏళ్ళుగా కలిసి టీ తాగేవాళ్ళం. నేను మొదటిసారి "దాదా, చినీ ఛాడా" అని పంచదార లేని టీ అడిగిన రోజున ఉమాశంకర్ నా భుజం తట్టాడు.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారని, నీకేటిరా ఈ సప్పిడి టీ? సుగరొచ్చీసిందేటి? మా మావకీ ఇలాగే మొదలైంది. ముందు కన్ను పోయింది, తరవాత..."

అందరూ నవ్వారు. వాళ్ళ మనసులో చెడ్డేమీ లేదు. ఆ తర్వాత ఎవడో ఒకడు రసగుల్లా నా ముక్కు దాకా తెచ్చి తన నోట్లో వేసుకోవడం రోజువారీ వేడుకైంది. నెల తిరక్కుండా నేను వంతెన అవతల, నన్నెరగని కొట్టుకి మారిపోయాను. మా న్యూ సెటిల్‌మెంట్ పేటలో గుడికి వెళ్ళడమూ మానేశాను. అక్కడ చక్కెర పొంగలి చేతిలో పెడతారు. వద్దంటే కారణం చెప్పాలి, తీసుకుంటే నాలుగు జతల కళ్ళు నా నోటి వైపే చూస్తాయి. పుట్టి పెరిగిన ఊళ్ళో ఒక్కణ్ణే నిలబడి టీ తాగుతుంటే ఏడుపొచ్చేది. వంతెన మీద జనం పోతూనే ఉండేవారు.

మా అమ్మ జోగమ్మకీ ఇదే జబ్బు. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు మోకాలి కింద నుంచి ఆమె కాలు తీసేశారు. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే ఎవరూ ఆ మాట ఎత్తరు.

ఈ జూన్‌లో నా ఎడమకాలి బొటనవేలు పక్క బూటు ఒరిసి పుండు పడింది. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు. మందుల చీటీ కోసం వెళ్ళినప్పుడు డాక్టరు పుస్తకం ఒక చేత్తో, రక్తపరీక్ష కాగితం ఇంకో చేత్తో పట్టుకుని చూశాడు.

"పుస్తకం ప్రకారం నీకు జబ్బే లేదు నూకరాజూ. ఈ పరీక్ష ప్రకారం మూడు నెలలుగా నీ సుగర్ దిగనే లేదు. ఏది నిజం?"

పుస్తకం అందుకుని గుమ్మం వైపు నడిచాను. కుంటుతున్నానని గమనించి బూటు విప్పించాడు. పుండు చూసి ఆయన ముఖం మారింది.

"ఇది మానాలంటే సుగర్ దిగాలి. సుగర్ దిగాలంటే నిజం అంకె కావాలి. లేకపోతే కాలికి ముప్పు. పైగదిలో రాధారాణి గారున్నారు, వెళ్ళి మాట్లాడు."

"నాకేటి పిచ్చా బాబూ?"

"కాదు. మిషనంటే నీకు భయం. దానికి నా దగ్గర మాత్ర లేదు."

రాధారాణి దీదీ నా వయసు మనిషి. సుగరున్నవాళ్ళ దిగులు వినడమే ఆవిడ పని. కూర్చోమని, హిందీలో "కైసే హై ఆప్?" అంది.

"ఏక్ సౌ బీస్," అన్నాను.

ఎలా ఉన్నారంటే నూట ఇరవై అన్నానన్నమాట. ఆవిడ నవ్వలేదు. "అంకె తర్వాత చూద్దాం. మీరెలా ఉన్నారు?" అని మళ్ళీ అడిగింది.

నాకు హిందీ వచ్చు, బెంగాలీ వచ్చు. యార్డులో పని ఆ రెంటితోనే గడిచేది. లోపల ఉన్నది చెప్పడానికి ఆ రెంటిలోనూ నాకు మాట దొరకలేదు. "ఠీక్ హై" అనబోతే కళ్ళనీళ్ళు కారాయి.

నేను కళ్ళు తుడుచుకున్నాక ఆవిడ అడిగింది, "మీ భాషలో చెప్పుకునే మనిషి ఇంట్లో ఉన్నారా?"

ఉందన్నాను.

"ఈరోజు మిషనుతోనే చూడండి. అంకె చెప్పి ఊరుకోకండి. దాని పక్కన మీ మనసులో ఉన్నది ఒక్కమాట చెప్పండి. మంగళవారం మళ్ళీ రండి."

క్వార్టర్‌కొచ్చేసరికి రత్నం గుమ్మంలో కూర్చుని తోటకూర ఒలుస్తోంది. లోపలికి పోయి సొరుగు తెరిచాను. మిషనుకి కొత్త బ్యాటరీ వేయాల్సి వచ్చింది. దారిలో కొన్న పరీక్ష పట్టీల డబ్బా విప్పి, వేలు గుచ్చుకున్నాను. నా అంచనా రెండొందల ఇరవై. మిషను మూడొందల పన్నెండు చూపించింది. వెళ్ళి రత్నం పక్కన కూర్చున్నాను.

"ఎంతుంది మావా?"

"మూడొందల పన్నెండు," అన్నాను. ఆగి, మిగిలిన మాట కూడా అనేశాను. "బయ్యంగా ఉందే."

ఆమె చేతిలో కాడ అలాగే ఉండిపోయింది.

"ఎప్పుట్నుంచి?"

"సుగరా? మొదట్నుంచీ ఇంతే. పుస్తకంలో అన్నీ నా అంచనాకే రాసీసినాను."

"సుగర్ కాదు. బయ్యం."

ముప్పై అయిదేళ్ళుగా ఎవరికీ చెప్పనిది నోటికొచ్చింది.

"అమ్మ కాలు తీసీసినాక గుడ్డలో సుట్టి నా సేతుల్లో ఎట్టినారు, పట్టుకెళ్ళి పూడ్సమని. అప్పుట్నుంచి." నా చేతులు నేనే చూసుకున్నాను. "నా సేతులకి ఇంకా ఎచ్చగానే తగిలింది రత్నం."

ఆమె తోటకూర పక్కకి నెట్టి, నా ఎడమకాలు తీసి తన ఒళ్ళో పెట్టుకుని, మేజోడు విప్పింది.