గిన్నెలు తోమిన ఆఫీసరమ్మ

నాకు ఏడేళ్లప్పుడు ఫైలు చంకన పెట్టుకుని వచ్చిన సంక్షేమశాఖవాళ్లే నన్ను కారెక్కించి తీసుకుపోయారు. మా అమ్మను ఒక్క మాట అడగలేదు. అందుకే మా తెగ సమావేశ మందిరంలో సంక్షేమశాఖ ఆఫీసరమ్మ నైరీ ఫైలు తెరవగానే నా పిడికిళ్లు బిగుసుకున్నాయి. నా చెల్లెలు చనిపోయింది. దాని ఆరేళ్ల కూతురు హినేవాయ్ నా ఇంటికొస్తుందా, ఎవరో తెలియనివాళ్లింటికి పోతుందా, ఇవాళ తేలిపోవాలి.

ఆ ఫైల్లో నా జైలు సంగతీ ఉంది. ఇరవై ఏళ్ల కిందట మాంసం ఫ్యాక్టరీలో మేస్త్రీ దవడ పగలగొట్టాను. ఆరు నెలలు పడింది. మావాళ్ల ముందు అది చదివేస్తుందనుకున్నాను.

చదవలేదు. పాప బడి, ఉబ్బసం, మందుల గురించి చెప్పి ఫైలు మూసింది. "ఇక పాప ఎక్కడుండాలో మీరే మాట్లాడుకుని రాయండి. నేను బయటికెళ్తా."

కుయినీ అత్త ఆమె చెయ్యి పట్టుకుంది. "ఉండమ్మాయ్! నువ్వే రాసిపెట్టి పో. మాకేం వచ్చు?"

"నేనుంటే నా మాటే మీ మాటయిపోతుంది, అత్తమ్మా."

గుమ్మం దగ్గర నాతో మెల్లగా అంది: "రావిరి గారూ, ఆ పాత కేసు ఆఫీసు చూసింది, అడ్డం కాదంది. మీవాళ్లకు చెప్పడం మీ ఇష్టం. నా నోట రాదు."

ఆఫీసువాళ్లు గది వదిలి పోవడం నా జన్మలో చూడలేదు. తలుపు వెనక చెవి పెట్టే ఉంటుంది! రెండు నిమిషాలాగి ధడాలున తెరిచాను. వరండాలో బూట్లు తప్ప ఎవరూ లేరు. ఎదురుగా వంటశాల కిటికీలో, మోచేతులదాకా నురగతో, మా పిన్నితో పోటీపడి గిన్నెలు తోముతోంది!

లోపలికొచ్చి జైలు సంగతంతా కక్కేశాను.

"ఓరి వెర్రోడా!" అత్త పకపకా నవ్వింది. "దక్షిణ దీవిలో చేపల పడవ మీద పనన్నావు. ఆర్నెల్లు ఒక్క చేప తలకాయైనా పంపావట్రా? మాకప్పుడే తెలిసింది!"

మందిరం దద్దరిల్లింది.

"మరి పాప?"

"నీ దగ్గరే. మందుల పూచీ నాది. రాయరా!"

పద్నాలుగేళ్లకే బడి మానిన చెయ్యి. ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాశాను. మా అమ్మకు ఎవరూ పెన్ను ఇవ్వలేదు.

నైరీ చేతులు తుడుచుకుంటూ వచ్చి చదివింది. "పాపకు ఉన్నట్టుండి ఆయాసమొస్తే ఆసుపత్రికి కారెవరిది?"

"నాది!" ముగ్గురు ఒక్కసారే అరిచారు.

"అదీ రాయండి."

"నువ్వే రాయమ్మా. నా రాత ఇప్పటికే తప్పులతడక."

"అక్షరం కూడా ముట్టుకోను. ఇది మీ మాట, మీ చేత్తోనే ఉండాలి." పెన్ను నా ముందుకు తోసింది.

మూడు పేర్లూ రాశాను. ఒకటి తప్పుగా పడింది. నైరీ దాని కిందే సంతకం పెట్టింది.

బయట ఆడుకుంటున్న హినేవాయ్‌ని పిలిచాను, గొంతు పగిలేలా.