మిరప చేలో షావుకారి ఫోటో

ఇశ్రాయేలు మిరపకాయ ఘాటు మీకు తెలియదు. నందిగామ అవతల తన కల్లంలో అతనొక కాయ తుంచితే, కంచికచర్లలో ఆగిన బస్సు మొత్తం తుమ్మేది. కండక్టరు టిక్కెట్లు కొట్టలేక కిందకి దిగిపోయేవాడు.

కరోనా వచ్చిన ఏడు మాత్రం ఆ కాయ పసిపిల్ల నోట్లో పెట్టినా ఏడ్చేది కాదు. మిర్చి యార్డు మూసేశారు, లారీలు ఆగిపోయాయి, కల్లంలో ఆరబోసిన కాయ రెండు వానలకి తడిసి తెల్లగా తాలైపోయింది. ఆ మాటకొస్తే అంతకుముందు కూడా బస్సులో ఎవరూ తుమ్మలేదు లెండి. మామూలు కాయే.

నష్టపోయిన రైతుకి కరోనా సాయం ఇస్తారని కబురొచ్చింది. ఇశ్రాయేలుది మూడెకరాల కౌలు. పాసుపుస్తకం జగ్గయ్యపేటలో హోల్‌సేల్ కిరాణా కొట్టున్న లక్ష్మీకాంత్‌ది.

"కౌలు కాగితం మీద ఆయన సంతకం తెచ్చుకో బాబాయ్, నీ పేరే ఎక్కిస్తా," అంది ఊరి వ్యవసాయ సహాయకురాలు నీరజ.

సాయం అందితే మళ్లీ విత్తనం కొనుక్కోవచ్చు. లేదంటే భార్య ప్రేమకుమారిని వెంటబెట్టుకుని సున్నపురాయి క్వారీలో కూలికి పోవాలి.

కొట్టుకెళ్లాడు. లక్ష్మీకాంత్ మాస్కు గడ్డం కిందకి లాక్కుని నవ్వాడు.

"సంతకం పెడితే రేపు పొలమే నాదంటావు."

"మీ పొలం నాకెందుకండి. పోయిన కాయ నాది."

"కాయ నీదే, కాదన్నానా? రైతుని మాత్రం నేను. పుస్తకంలో అలాగే ఉంది." ఆ కౌలు కాగితం మీద శానిటైజర్ చిలకరించి మరీ వెనక్కిచ్చాడు. కొట్టు మెట్లు దిగేసరికి ఇశ్రాయేలు పేరు అలుక్కుపోయింది.

వారం తిరక్కుండా కారేసుకుని షావుకారే చేలోకొచ్చాడు. పంట వేసిన పొలంలో రైతు నిలబడి నీరజ ఫోనులో ఫోటో దిగాలట. ఇస్త్రీ చొక్కా, తెల్ల బూట్లు.

"రైతులా కనపడాలి కదా. నీ తువ్వాలు ఇటియ్యి."

ఇశ్రాయేలు ఇచ్చాడు. షావుకారు దానికీ శానిటైజర్ పట్టించి, ముక్కు చిట్లించి భుజాన వేసుకున్నాడు.

ఆ వేషంతో షావుకారు చకచకా గట్టు దిగి, పక్కనున్న సతీష్‌బాబు చేలో నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు. నీరజ ఫోనెత్తింది. సర్వే నంబరు కలవడం లేదని ఫోను ఫోటో తీసుకోలేదు.

"ఇశ్రాయేలూ, మన పొలం ఏదిరా?"

"ఏమోనండి. రైతు మీరు కదా, మీకే తెలియాలి."

నీరజ నవ్వాపుకోలేక అటు తిరిగింది. లక్ష్మీకాంత్ ఎండలో మూడు చేలు తిరిగి, బూట్ల నిండా పల్లేరుకాయలు గుచ్చుకుని, తువ్వాలు విసిరికొట్టి కారెక్కాడు.

ఎంత బాగుందో కదూ. షావుకారు పక్క చేలోకి దిగడం నిజం, ఫోను ఒప్పుకోకపోవడమూ నిజం. మన పొలం ఏదిరా అనగానే ఇశ్రాయేలు మాత్రం, "ఇటు రండయ్యా, అక్కడ పల్లేర్లు," అని చెయ్యందించి గట్టు దాటించాడు. మూడెకరాల నడుమ నిలబెట్టి, ఫోటోలో తన నీడైనా పడకుండా పక్కకి తప్పుకున్నాడు. వచ్చే ఏడు కౌలు దక్కాలి మరి. సాయం షావుకారి ఖాతాలో పడింది, మొగుడూ పెళ్లాం క్వారీకి పోతున్నారు. ఆ జవాబు చెప్పించిందీ, షావుకారిని మూడు చేలు తిప్పిందీ నేనే.