తొంభై ఒకటి ఆక్టేన్ సంబంధం

జాతకాల దగ్గర ఆగిన పెళ్లిళ్లున్నాయి, పెట్టుపోతల దగ్గర ఆగినవీ ఉన్నాయి. పెట్రోలు దగ్గర ఆగింది మాత్రం మల్కాజ్‌గిరిలో సింధూర పెళ్లొక్కటే.

సింధూర, హరికిషన్ ఒకే ఆసుపత్రిలో పనిచేస్తారు. విరిగి అతుక్కున్న కాళ్లూ చేతులకు ఆమె మళ్లీ కదలడం నేర్పిస్తుంది. అక్కడి లిఫ్టులు నడిచేటట్టు అతను చూస్తాడు. ఇద్దరూ ఎంతో కాలం బతిమాలి, అలిగి, ఒకటి రెండు పూటలు అన్నం మానేసి, చివరికి ఒక ఆదివారం రెండిళ్ల పెద్దల్నీ హరికిషన్ వాళ్లింట్లో కూర్చోబెట్టగలిగారు.

హరికిషన్ తండ్రి బ్రహ్మచారిది జనరల్ బజార్ సందులో నగల పని. సింధూర తండ్రి రామభద్రరావుది రాజమండ్రి. వాయుసేనలో విమానాలకు ఇంధనం పోయించే విభాగంలో చేసి, రిటైరై, సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్నాడు. ఉద్యోగం దిగిపోయినా మీసం దిగలేదు.

మాటలు బాగానే సాగాయి. హరికిషన్ తల్లి శారదమ్మ పెట్టిన సర్వపిండి తిని, సింధూర తల్లి కుసుమకుమారి అదెలా చేస్తారో రెండుసార్లు అడిగింది. ఆషాఢం రాకముందే, వచ్చే వారం గురువారం తాంబూలాలు పుచ్చుకుందామనే దాకా వచ్చింది. చెప్పులేసుకుంటూ రామభద్రరావు మెట్ల కింద ఉన్న హరికిషన్ బండిని చూశాడు. చిన్న బండి. దాని ట్యాంకు మీద చెయ్యేశాడు.

"బాబూ, దీంట్లో ఏం పోస్తావు?"

"పెట్రోల్, అంకుల్."

"అది నాకూ తెలుసయ్యా. ఏ పెట్రోలు?"

"మామూలుదే."

రామభద్రరావు భార్య వైపు తిరిగాడు. "విన్నావా కుసుమా? మామూలుదిట!"

"విన్నానండీ. అయితే ఏవిటిట?"

"ఏవిటంటావేంటి? సర్వీసంతా నూరు ఆక్టేన్‌కి తక్కువది ముట్టుకోలేదు నేను. నా కూతురు తొంభై ఒకటి మీద కూర్చుని తిరగాలా?"

తొంభై ఒకటి అనే మాట గడపలో ఉన్న బ్రహ్మచారి చెవిన పడింది. అంతే, ఆయన మెట్లు దిగి వచ్చాడు.

"రావుసాబ్, జెర ఆగుండ్రి. తొంభై ఒకటిని గట్ల తీసిపారేస్తరేంది? మా నగల లెక్క గదే. తొమ్మిదొందల పదహారు ముద్ర కొట్టిన బంగారం నూటికెంత? తొంభై ఒకటి పైన జెరంత. పెండ్లిపిల్లలంత గదే ఏసుకుంటరు. నూటికి నూరు బంగారంతోని గాజు చేస్తే, చెంబెత్తంగనే వంకర పోతది!"

"ఇది బంగారం కాదండీ ఆచారిగారూ. ఆక్టేన్ అంటే స్వచ్ఛత కాదు. ఇంజన్‌లో నలుగుతున్నప్పుడు ముందే భగ్గుమనకుండా ఓర్చుకునే గుణం."

"ఓర్పా? ఇంత చిన్న బండికి గంత ఓర్పెందుకు?"

"పెట్రోలుకే ఓర్పు లేకపోతే, అది పోసేవాడు నా కూతుర్నేం ఓర్చుకుంటాడండీ?"

"నాన్నా!" అంది సింధూర.

బ్రహ్మచారి లోపలికెళ్లి గీటురాయి తెచ్చాడు. ట్యాంకు మూత తీసి, వేలు తడిపి, రాయి మీద గీశాడు. తడి కాసేపుండి ఎగిరిపోయింది.

"గీత నిలుస్తలేదు," అన్నాడు ఆలోచనగా.

"నిలవదండీ! పెట్రోలది!"

"మీ నూరుది సుత తెప్పియ్యుండ్రి. అది నిలుస్తదేమో చూద్దాం."

చివరికి ఒప్పందం కుదిరింది. బండిలో నూరు పోయాలి. ఇద్దరు తండ్రులూ దాని మీద తిరిగి, తేడా ఉందో లేదో తేల్చాలి. తేడా ఉంటే హరికిషన్ జన్మంతా నూరే పోయాలి, లేకపోతే రావుగారు నోరెత్తకూడదు. తాంబూలాలు ఆ తర్వాతే.

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. అమ్మాయి తరఫువాళ్లు వస్తున్నారన్న మర్యాద కొద్దీ హరికిషన్ ఆ పొద్దునే ట్యాంకు అంచుదాకా నింపించాడు. ఒకదాంట్లో ఒకటి కలిస్తే పరీక్ష చెల్లదు.

"పైపు పెట్టి తీసేస్త," అన్నాడు హరికిషన్.

"లోపల పొయ్యి వెలుగుతుంటే పెట్రోలు బయటికి తీస్తావా? నా ప్రాణం ఉండగా కుదరదు," అన్నాడు రామభద్రరావు.

"నిజమే. నా కుంపటి సుత ఈడనే ఉంటది," అన్నాడు బ్రహ్మచారి. ఆ రోజు పెట్రోలు మీద ఇద్దరూ వాదన లేకుండా ఏకీభవించిన మాట అదొక్కటే. కాబట్టి ఉన్నది తిరిగి తిరిగి కాల్చాలి.

మర్నాటి సాయంత్రం నుంచి మల్కాజ్‌గిరి జనం ఒక వింత చూశారు. మీసాలాయన ముందు కూర్చుని నడుపుతాడు. వెనక బ్రహ్మచారి హెల్మెట్ పెట్టుకుని, ఇంజన్ చప్పుడు వినాలని పక్కకు వంగి కూర్చుంటాడు. నేరేడ్‌మెట్ మీదుగా సైనిక్‌పురి, అక్కణ్ణించి కార్ఖానా, అక్కడ ఇరానీ హోటల్లో చాయ్, మళ్లీ వెనక్కి. అంత తిరిగినా ట్యాంకులో ముల్లు కిందికి దిగదే!

"ఇదేం బండయ్యా, తాగదేంటి?" అని రామభద్రరావు హరికిషన్ మీద చిరాకుపడ్డాడు. తన బండి మైలేజీకి పొంగాలో, తన పెళ్లికి ఏడవాలో ఆ పిల్లగాడికి తెలియలేదు.

గురువారం దగ్గర పడుతోంది. అది దాటితే ఆషాఢం. శ్రావణం దాకా మాటే లేదు, అప్పటికి ఎవరి మనసు ఎటు తిరుగుతుందో! హరికిషన్ తనకు తోచింది చేశాడు. చోక్ లాగి పంపాడు, ఎక్కువ తాగుతుందని. సీటు కింద ఇనప సామాను కట్టి పంపాడు. రోజూ టైర్లలో సగం గాలి తీసి మరీ పంపాడు. ఇద్దరూ దారిలో గాలి కొట్టించుకుని హాయిగా తిరిగొచ్చేవాళ్లు. ఈ మధ్య బ్రహ్మచారి పొట్లంలో సర్వపిండి సుత పట్టుకెళ్తున్నాడు. రామభద్రరావు ‘పరేషాన్’ అనడం నేర్చుకున్నాడు. పెళ్లి ఊసు తప్ప లోకంలో ఉన్న సంగతులన్నీ మాట్లాడుకుంటున్నారు.

సోమవారం డ్యూటీ అయ్యాక ఆ దారిన వస్తూ హరికిషన్ టైర్లలో గాలి చూపిద్దామని కార్ఖానా బంకులో ఆగాడు. అక్కడ పెట్రోలు కొట్టే ఎలీసబెతు బండిని చూసి నవ్వింది.

"మళ్ల వచ్చిందా ఈ బండి? అన్నా, దినాం పోయిస్తనే ఉన్నరు గదా, ఎంత తాగుతదే?"

"దినాం ఎవరు పోయిస్తుండ్రు?"

"ఒకదినం మీ బాపు, ఒకదినం ఆ మీసాల సారు. ఒకలు చాయ్ తాగుతుంటే ఇంకొకలు గాలి కొట్టిస్తనని వస్తరు, పెట్రోల్ పోయించుకుంటరు. మామూలుదే. నూరుది పోయాల్నా అంటే, వద్దు బిడ్డా, ఎవ్వలకు చెప్పకు అంటరు."

హరికిషన్ అక్కడే నిలబడి సింధూరకు ఫోన్ చేశాడు.

మంగళవారం సాయంత్రం ఇరానీ హోటల్లో ఇద్దరు తండ్రులూ చాయ్ ఊదుకుంటూ ఉండగా, ఎదురు కుర్చీల్లో వీళ్లిద్దరూ వచ్చి కూర్చున్నారు.

"నాన్నా, ట్యాంకులో ఇంకా ఎంతుంది?" అంది సింధూర.

"సగం పైనే ఉందమ్మా. గట్టి బండి."

"అందులో మీరెంత పోశారు?"

రామభద్రరావు సాసర్లోకి చూశాడు. ఆ మాట తననే అడిగిందనుకుని బ్రహ్మచారి గాబరా పడ్డాడు. "ఒక్కదినమే బిడ్డా. మస్తుగ ఏం పోయలే."

"మీరు పోశారా! ఎప్పుడు?" అన్నాడు రామభద్రరావు.

"గాలికి పోయినప్పుడు. అంటే... మీరు సుత?"

ఇద్దరూ ఒకరినొకరు దొంగల్లా చూసుకున్నారు.

"బాపూ, ఎందుకే?" అన్నాడు హరికిషన్.

రామభద్రరావు సాసరు పక్కన పెట్టాడు. "ఈ బండికి నూరు అక్కర్లేదమ్మా. చూసిన రోజే తెలుసు. గట్టిగా అదిమి మండించే పెద్ద ఇంజన్లకైతే అది కావాలి. దీనికి పోసినా ఒకటే, పొయ్యకపోయినా ఒకటే."

"మరి ఇదంతా ఏమిటి?"

"ట్యాంకు ఖాళీ అయితే రాజమండ్రిలో మీ కాంతమణి అత్తకి ఫోన్ చెయ్యాలి. సంబంధం అనగానే అక్క ముందు అడిగేది కులమే, వాళ్లేవిట్లు రా అని. మనవాళ్లు కారే అని చెప్పాలి. విమానాల పక్కన నిలబడ్డప్పుడు కూడా ఇంత భయం వెయ్యలేదమ్మా నాకు."

బ్రహ్మచారి తల ఊపాడు. "జనగామల మా అన్నున్నడు. ఆంధ్రోళ్ల పిల్లనా అంటడు. నీ మొకం చూసి వద్దనలేను కొడకా, ఆయన మొకం చూసి అవుననలేను. టాంకు నిండుగుంటే ఏదీ అననక్కరలేదు గదా."

సింధూర ఫోన్ తీసి తండ్రి ముందు పెట్టింది. "అత్తయ్యకి చెయ్యండి. అందరం వింటాం."

కాంతమణి గొంతు హోటలంతా వినిపించింది. "ఏరా భద్రం! సింధూరకి సంబంధం చూశారుటగా? వాళ్లేవిట్లు రా?"

రామభద్రరావు మీసం దువ్వుకున్నాడు. "అక్కా, వాళ్లు... వాళ్లు బండిలో మామూలు పెట్రోలు పోస్తారే."

"ఏం పోస్తారు?"

"మామూలుది. తొంభై ఒకటి. నూరు కాదు."

ఫోన్ దద్దరిల్లింది. "మా ఆయన ఆ డొక్కు స్కూటర్లో కూడా ఖరీదైందే పోయిస్తారు! మన పిల్లని అలాంటి ఇంట్లో ఇస్తావా? ఆ పిల్లాడి తండ్రి ఉన్నాడా అక్కడ? ఇవ్వు ఫోను!"

బ్రహ్మచారి ఫోన్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు. "నమస్తే అక్కా. తొంభై ఒకటి అంటే తక్కువ కాదక్కా. మీ నడుముకు వడ్డాణం ఉంటది గదా, అది గా లెక్కదే. నూరుతోని చేస్తే మీరు కూసున్నప్పుడే వంగుతుండె."

"నేను కూర్చుంటే వంగుతుందా? ఏవిటండీ మాటలు! అయినా బంగారం సంగతి ఇంత చెబుతున్నారు, మీరేమైనా ఆ పని చేసేవారా?"

"అవునక్కా. తాతల కాన్నుంచి గదే పని. విశ్వబ్రాహ్మలం."

ఫోన్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఓహో," అంది కాంతమణి. "ఆ సంగతి వచ్చాక మాట్లాడతాను. ముందు పెట్రోలు తేలాలి. నూటికి తొంభై ఒకటితో సరిపెట్టుకునే మనుషుల్ని ఎదురుగా చూసి అడగాలి. తాంబూలాలెప్పుడు?"

"ఎల్లుండి, గురువారం," అన్నాడు రామభద్రరావు.

"రేపే రైలెక్కుతున్నా. నేను వచ్చేదాకా నోరు మూసుకో. నీకు వాదించడం రాదు."

ఫోన్ పెట్టేసింది. బ్రహ్మచారి ఇంకా ఆవేశంలోనే ఉన్నాడు. తన ఫోన్ తీసి జనగామ కలిపాడు. "అన్నా! మన పోరనికి పిల్లను జూసినం. వాళ్లు మన తొంభై ఒకటిని తక్కువ జేస్తుండ్రే! రాజమండ్రి నుంచి పెద్దామె కొట్లాటకు వస్తుందట. నువ్వు రాకుంటె ఎట్ల?" అవతల అన్న ఏమన్నాడో కానీ, "గురువారం. పొద్దున్నే రా," అని ముగించాడు.

హరికిషన్ బల్ల మీద తాళంచెవి తీసుకున్నాడు. సింధూర లేచి హెల్మెట్ పెట్టుకుంది.

"బండి తీస్కపోతే మేమెట్ల పోవాలెరా?" అన్నాడు బ్రహ్మచారి.

"బస్సుంది, బాపూ."

రామభద్రరావు ఇంకో రెండు చాయ్‌లు చెప్పాడు. "పోనివ్వండి బావగారూ. కూర్చోండి. మా అక్క వడ్డాణం మాట అంత తేలిగ్గా వదిలిపెట్టదు. ఏం చెబుతారో ఇప్పుడే అనుకుందాం."