పెద్దపళ్ల ముంగిస

మూడోసారీ అదే ఫలితం. కాలివేలి తోలులోని డీఎన్ఏ పొలం ముంగిసది. పంటిలోనిది కొండ ముంగిసది. రెండూ మా మ్యూజియంలో ఒకే పెట్టెలో, ఒకే నంబరుతో ఉన్నాయి. ఒక్క జంతువుకి తోలు ఒకరిదీ, పళ్లు ఇంకొకరివీ ఎలా ఉంటాయి, నా తలకాయ!

పొలం ముంగిస తోలుకి అంతంత పళ్లేమిటని ఆశ్చర్యపోయి, ముప్పై రెండేళ్ల కిందట మా డైరెక్టరు దీన్ని కొత్త జాతి అన్నాడు. తర్వాత అలాంటిది మళ్లీ ఎవరి కంటా పడితే ఒట్టు. సాయంత్రానికల్లా రిపోర్టు కావాలని పొద్దుటినుంచి నాలుగుసార్లు ఫోన్ చేశాడు. నేనేమో ఇంకా ఒక్క ముక్కా రాయలేదు. ఆ ముంగిస తోలు వొలిచి, పుర్రె ఉడకబెట్టి శుభ్రం చేసింది అప్పట్లో ఇక్కడే పనిచేసిన మా నాన్న. జాతి లేదని రాస్తే, ఎందుకు లేదో కూడా రాయాలి.

మధ్యాహ్నం ఇంటికి పరిగెత్తాను. నాన్న కిటికీ దగ్గర చెప్పు కుట్టుకుంటున్నాడు. రిటైరై పదేళ్లయినా సూది వదలడు.

"ఏమ్మా, మన ముంగిస ఏమంటోంది?"

రోజూ అడిగే మాటే. ఇవాళ ఒళ్లు మండింది.

"ఆరోజు గిన్నెలో ఎన్ని పుర్రెలు వేశావు నాన్నా?"

"ఒకటే. గిన్నెకొకటి. అదేగా పద్ధతి."

"నాన్నా!"

సూది ఆగింది. అబద్ధమైనా సరే, అదే మాట మీద ఉండు, నమ్మేస్తాను అనుకున్నాను, నిజంగానే.

"రెండు," అన్నాడు. "గ్యాస్ అయిపోవస్తోందని కలిపి వేశాను. ఉడుకుతుంటే నంబరు చీటీల దారాలు ఊడిపోయాయి. ఏది దేనిదో ఉజ్జాయింపుగా పెట్టాను. రెండో తోలు కుళ్లిపోతే పారేశాం."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"చెబుదామనే వెళ్లాను. ఆయనే ఎదురొచ్చి, కొత్త జాతి అంటూ నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. అప్పటిదాకా అక్కడెవరూ నా చెయ్యి ముట్టుకోలేదు తల్లీ, వాసనని."

నాకు ఏడుపొచ్చింది. కోపమూ పోలేదు. అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి రాశాను: పెద్దపళ్ల ముంగిస వేరే జాతి కాదు. తోలు ఒక జంతువుది, పుర్రె మరో జంతువుది. శుభ్రం చేసేటప్పుడు పొరపాటు జరిగింది.

ఎవరివల్లో రాయలేదు. పంపబోయాను.

నాన్న నా వెనక నిలబడి చదివాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు.

"పొరపాటు దానంతటదే జరుగుతుందా?" అన్నాడు. "నా పేరు రాయి."