గోళ్ళరంగు తూటాలు

పెళ్ళినాడు తొడుక్కున్న చెప్పులు ఎలా ఉండేవో ఆర్డిస్‌కు గుర్తులేదు. తన మొదటి పెద్ద రివాల్వర్ బరువు మాత్రం ఆమె మణికట్టుకు ఇప్పటికీ తెలుసు. కాపురానికి వచ్చిన వేసవిలో ఐనార్ దాన్ని తెచ్చి వంటింటి బల్ల మీద, కాఫీ కప్పుల మధ్య పెట్టాడు. ఫార్టీఫోర్ మాగ్నమ్. గుర్రానికి కళ్ళెం వేయడం రాని పిల్లకు ఈ ఫిరంగి ఎందుకురా అని అతని తల్లి నెత్తి కొట్టుకుంది.

"నాతో కొండల్లోకి వస్తుందమ్మా. కొత్త కోడలని అక్కడి ఎలుగుబంట్లు జాలిపడతాయా?" అన్నాడు ఐనార్.

ఆ ఐనార్ పోయిన చలికాలంలో కన్నుమూశాడు. ఇప్పుడు అదే బల్ల ముందు మనవరాలు మారిట్ కూర్చుని, పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన తీపిరొట్టె మూడొంతులు ఖాళీ చేసి, అసలు సంగతి కదిపింది.

"సోమవారం నుంచి డ్యూటీ అమ్మమ్మా. కొండ నెత్తిన, అడవి మంటల కాపలా గదిలో. వేసవంతా ఒక్కదాన్నే. తాత రివాల్వర్ ఇస్తావా?"

"మీ తాతది కాదే, నాది."

"అయితే మరీ మంచిది. నువ్వే నేర్పు."

తుపాకి ఇవ్వడానికి ఆర్డిస్‌కేం బాధ లేదు. నేర్పడం దగ్గరే వచ్చింది చిక్కంతా.

ఒకప్పుడు కంచె గుంజల మీద వరసగా డబ్బాలు పెడితే ఒక్కటి మిగల్చని మనిషి ఆమె. ఇంట్లో పెళ్ళాంతో పోట్లాడేముందు తలుపు తీసి ఉంచుకోవయ్యా అని ఊళ్ళో మగవాళ్ళు ఐనార్‌ను ఆటపట్టించేవారు. అలాంటిది ఒక ఏడు, ఎల్క్ దుప్పుల వేటకు వెళ్ళినప్పుడు, చెట్టుకు వేలాడదీసిన మాంసం కోసం గ్రిజ్లీ ఎలుగుబంటి వచ్చింది. ఐనార్ వాగు దగ్గరున్నాడు. ఆర్డిస్ దాని తల మీదుగా గాల్లోకి కాల్చింది. రివాల్వర్ చేతుల్లో నిలవలేదు. గొట్టం ఎగిరి వచ్చి నుదుటిని చీల్చింది, ఆమె మంచులో చతికిలపడింది. ఆ మోతకు ఎలుగు పారిపోయింది గానీ, ఆమె ధైర్యాన్ని కూడా వెంట తీసుకుపోయింది. గుంజల దగ్గర పిల్లిలా ఒదిగి ఉండే తుపాకి ఇక్కడ ఇలా చేసిందంటే తప్పు తన చేతిదే, పిరికిచేతిది. ఐనార్‌తో జారిపడ్డానని చెప్పింది. మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు. మణికట్టు నొప్పి అంది. నుదుటి మచ్చ మీదికి జుట్టు దువ్వుకుంది.

వణికే చెయ్యి నేర్పితే వణుకే వస్తుంది. నేర్పకపోతే పిల్ల వట్టి చేతుల్తో వెళ్ళినట్టే. ఇంతలో మారిట్ లేచి, టోపీ పెట్టుకుని, గుమ్మంలో నిలబడింది.

ఐనార్ పోయాక ఆర్డిస్ అతని కొట్టంలో అడుగు పెట్టడం ఇదే మొదలు. అతను తూటాలు తనే తయారు చేసుకునేవాడు. పనిబల్ల మీద రెండు కాఫీ డబ్బాలున్నాయి. ఒకదానిలోవి మామూలు తూటాలు, అడుగున వట్టి ఇత్తడి. రెండోదానిలోవాటికి అడుగున ఎర్రటి చుక్క.

"ఇదేంటి, బొట్టు పెట్టాడు?" అంది మారిట్.

"నా గోళ్ళరంగే. తేమ దిగకుండా పూస్తాననేవాడు. ఏడాదికో సీసా స్వాహా చేసేవాడు. నాకు గోళ్ళు తప్ప వేరే పని లేదనుకునేది దుకాణంలో ఆవిడ."

గడ్డి మోపుల ముందు చిక్కుడుగింజల డబ్బా నిలబెట్టారు. ఆర్డిస్ రివాల్వర్ తూటాల చక్రం పక్కకు తెరిచి, ఖాళీ అని చూపించి అందించింది. ఆ ఇంట్లో చక్రం మూసిన రివాల్వర్ చేతికిచ్చినవాడికి భోజనం ఉండేది కాదు. మారిట్ ఎర్రచుక్కవి నింపి కాల్చింది. రెండోదానికే డబ్బా ఎగిరిపోయింది.

"అంతేనా? ఇంత మెత్తగానా? దీనికేనా అంత పేరు?"

"ఆ వట్టివి కూడా చూడు," అంది ఆర్డిస్, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

ఈసారి పిడుగు పడింది. మారిట్ చేతులు నెత్తి దాటిపోయాయి, టోపీ వెనక్కి రాలింది. "అమ్మో! కంచరగాడిద తన్నినట్టుంది!"

"భయపడ్డావు. అందుకే చెయ్యి నిలవలేదు."

"చిక్కుడుగింజల్ని చూసి భయమా అమ్మమ్మా? తూటాయే వేరు. తాత దీన్లో మందు దట్టించి పారేశాడు. నువ్వే చూడు."

ఆర్డిస్ తీసుకుంది. ఒకటి ఎర్రది, ఒకటి వట్టిది పెట్టింది. ఎర్రది పేలితే పాత స్నేహితురాలు అరచెయ్యి నొక్కినట్టుంది. వట్టిది పేలగానే గొట్టం నుదుటి వైపు లేచింది, అచ్చం ఆనాటిలాగే. ఎదురుగా ఎలుగుబంటి లేదు. భయం అసలే లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ సాయంత్రం గుడారంలో చక్రం ఖాళీ చేస్తే రాలిన తూటాలకు చుక్కల్లేవు. రంగు అయిపోయిందేమో అనుకుంది. కొండకు వెళ్ళే ప్రతిసారీ చక్రం నింపింది ఐనారే. ఇంటి దగ్గర ఆమెకు తుపాకి మీద మనసు కలగాలని తక్కువ మందు. కొండ మీద ఆమె ప్రాణం దక్కాలని పూర్తి మందు. అంతా బాగానే ఆలోచించాడు, చెప్పడం ఒక్కటే మర్చిపోయాడు.

"నలభై ఏళ్ళు! నలభై ఏళ్ళు పిరికిదాన్ననుకుని చచ్చాను కదరా, మొద్దు మనిషీ!" అని ఆమె కొట్టం వైపు తిరిగి అరిచింది. మారిట్ బిత్తరపోయింది.

అరిచాక ఇంకోటీ గుర్తొచ్చింది. ఆ రాత్రి ఐనార్ ఆమె నుదుటికి మంచు అద్దుతూ, "ఆర్డీ, ఆ తూటా ఉంది చూడు..." అంటూ మొదలుపెట్టాడు. "జారిపడ్డానన్నానుగా! ఇంకోసారి ఆ మాటెత్తితే ఊరుకోను," అని కసిరింది తనే. ఇచ్చిన మాట తప్పని, విన్న మాట దాటని మనిషి అతను. మళ్ళీ ఎత్తలేదు.

కళ్ళు తుడుచుకుని డబ్బాలోకి చూసింది. ఎర్రచుక్కలవి అంచుదాకా ఉన్నాయి. దగ్గరగా చూస్తే పైవరస చుక్కలు ఎరుపు కాదు, నారింజ రంగు. కిందటి శరదృతువులో తను కొని, ముసలిగోళ్ళకు బాగాలేదని అతని మీదికి విసిరేసిన సీసా రంగు అది. కాల్చడం మానేసిన పెళ్ళాం కోసం, ఆఖరి నెలల దాకా మెత్తటి తూటాలు చేస్తూనే ఉన్నాడు. ఎప్పటికైనా మళ్ళీ అడుగుతుందని కాబోలు. ఆమెకు ఐనార్ మీద ఎంత ప్రేమ పొంగిందంటే, గడ్డి మోపు మీద కూలబడిపోయింది.

"అమ్మమ్మా, ఒంట్లో బాగానే ఉందా?"

"నిక్షేపంలా ఉన్నాను. పద, టోపీ పెట్టుకో. ఎర్రవి చెయ్యి అలవాటుకి. వట్టివి కొండకి. తేడా ముందే చెప్తున్నా, విన్నావా? మోచేతులు బిగించకు. తన్నుతుంది, తన్ననీ. అది తన్నిందని నీకు భయమున్నట్టు కాదు."

పొద్దుపోయేదాకా నేర్పింది. పూర్తి మందు తూటాతో మారిట్ వరసగా డబ్బాలు పడగొట్టాకే వదిలింది. సోమవారం ఉదయం చక్రం తెరిచి రివాల్వర్ చేతికిచ్చింది, వట్టి తూటాల డబ్బా ట్రక్కులో పెట్టింది. రెండో డబ్బాను మాత్రం చంకనెత్తుకునే ఉంది.

"అవి ఇవ్వవా?"

"అవి నావి."

"రివాల్వర్ లేకుండా వాటితో ఏం చేస్తావు?"

"మంచు పడేలోపు దిగివస్తావుగా. నా రివాల్వర్ నాకు తెచ్చి ఇచ్చెయ్యి," అంది ఆర్డిస్, జుట్టు నుదుటి మీంచి వెనక్కి తోసుకుంటూ. "మీ తాత నాకు డబ్బానిండా చేసిపెట్టాడు. కాల్చకపోతే బాధపడతాడు."