గీకేసిన ముఖం

అయిదేళ్ళు కాలేజీలో కూర్చుని బొమ్మలు నేర్చుకున్నది అక్క. బడిలో డ్రాయింగ్ టీచరు. తమ్ముడు గోడలకు రంగులు వేసే మనిషి, పెన్సిలు పట్టి ఎరగడు. అలాంటివాడు డబ్బాల అడుగున మిగిలిన రంగులతో ఒక చెక్క మీద అమ్మ బొమ్మ వేశాడు. ఎవరు నేర్పార్రా అంటే, "పాత గోడలు గీకుతుంటే కింద పొరల్లో ఎన్ని రంగులుంటాయో అక్కా! అవి చూసే" అన్నాడు.

బొమ్మలో అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని, సూదిలో దారం ఎక్కిస్తూ ఒక కన్ను మూసింది. అమ్మ పోయి ఆరేళ్ళు. ఆ మూసిన కన్ను కోసం అక్క ఆరేళ్ళూ కాగితాలు చింపుతూనే ఉంది. వీడికి ఒక్క ఆదివారంలో కుదిరిపోయింది. చూసిన పక్కింటావిడ ఊరుకుందా? "ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి" అని నవ్వింది. అక్కకు ఒళ్ళు భగ్గున మండింది.

"లైబ్రరీలో పెడతాం, ఇమ్మంటున్నారు. నువ్వు సరేనంటేనే ఇస్తా. ఎలా ఉందక్కా?"

"ముఖం కుదర్లేదురా" అనేసింది.

ఏదో కాస్త దిద్దబోయి చెడగొట్టుకుంటాడులే, పీడా పోతుందనుకుంది. అంతకుమించి కోరలేదు. ఆ మాత్రం కోరడం చాలదూ?

కానీ వాడు గోడల మనిషి. గోడ మీద మచ్చ కనిపిస్తే పైపైన పూసి చేతులు దులుపుకోడు. అడుగుదాకా గీకి మళ్ళీ మొదలుపెడతాడు. మర్నాడు సాయంత్రం అక్క వాడింటికి వెళ్ళేసరికి బొమ్మలో మిషను ఉంది, భుజాలున్నాయి, దారం ఉంది. ముఖం ఉండాల్సిన చోట ఉత్త చెక్క, ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది ఉంది.

"చదువుకున్నదానివి, నువ్వన్నావంటే తప్పున్నట్టే. ముఖం నువ్వే వెయ్యక్కా, చూసి నేర్చుకుంటా" అని బ్రష్షు చేతికిచ్చి పక్కన చతికిలబడ్డాడు.

అక్క కళ్ళు మూసుకుని అమ్మను తలుచుకుంది. ఎంత తలుచుకున్నా కనబడింది నిన్నటి ముఖమే, వీడు వేసినదే. చెయ్యి కదల్లేదు.

"దాంట్లో తప్పేం లేదురా."

"మరెందుకలా అన్నావు?"

"కుళ్ళుకున్నాను. ఓర్వలేకపోయాను."

వాడు కోప్పడతాడనుకుంది. కోప్పడితే బాగుండేది. వాడు ఆ నున్నటి చెక్క మీద వేళ్ళతో తడిమి చూశాడు.

"అదెలా వచ్చిందో నాకే తెలీదక్కా" అన్నాడు. "మళ్ళీ రాదు."